కొనేవాళ్లను తరిమే కంప్యూటర్ల జయరాజు

ఆదోనిలో అంగడి పెట్టినవాళ్లందరూ కొనమని బతిమాలుతారు. కొనద్దని కొట్లాడేవాడు ఒక్కడే, జయా కంప్యూటర్స్ జయరాజు. ఆ అంగడి మెట్ల మీద ఉగ్గాణి, బజ్జీ అమ్మే ఉచ్చీరమ్మ వాడి కొట్లాటలు ఎన్నో చూసింది. వాటిలో మంత్రాలయం నుంచి బస్సెక్కి వచ్చిన రిటైర్డు అయ్యవారు మధుసూదనరావుతో జరిగినది మాత్రం టికెట్టు పెట్టి చూపించదగ్గది.

"కొత్త కంప్యూటరు ఒకటి ఇవ్వప్పా," అన్నాడు అయ్యవారు.

"పాతదానికి ఏమొచ్చింది సారు?"

"ముసలిదైపోయింది."

"మీరూ ముసలోళ్లయినారు. ఇంట్లోవాళ్లు మిమ్మల్ని మార్చినారా?"

అయ్యవారి ముఖం ఎర్రబడింది. "దుడ్లు నావి! అమ్మేకి నీకేం నొప్పయ్యా?"

"దుడ్లు మీవే. పెట్టె నాది. ఇయ్యను."

"పక్కంగట్లో కొంటాను!"

"పోండి. ఆడికొచ్చి గడపకి అడ్డం పడుకుంటా."

అన్నంత పనీ చేశాడు. పక్కంగడివాడు మొత్తుకున్నా లేవలేదు. చొక్కాకు దుమ్మంటినా లేవలేదు. అరగంట నిలబడి కాళ్లు నొప్పి పుట్టి, అయ్యవారే ఓడిపోయాడు. మరుసటి రోజు ముసలి పెట్టెను ఆటోలో తెచ్చాడు. జయరాజు దాని మూత విప్పి, రంగులు వేసే కుంచెతో దుమ్ము దులిపి, రెండు బల్లి గుడ్లు తీసి పక్కన పెట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పెట్టె పదహారేళ్ల పిల్లలా లేచి కూర్చుంది. అయ్యవారు మడి మనిషి గనక బజ్జీ తినలేదు గానీ, పోతూ పోతూ ఉచ్చీరమ్మ దగ్గర ఆగి, "వాడే గెలిచినాడమ్మా," అని ఒప్పుకున్నాడు.

పుట్టుకతో వాడు ఇట్లాంటివాడు కాదు. ఒకప్పుడు తన చేత్తోనే పెట్టెలు బిగించి, వాటి మీద "జయా" అని చీటీ అంటించి, పత్తి కమీషన్ అంగళ్లకూ పెళ్లి మంటపాలకూ అమ్మినవాడే. కంప్యూటరు లేని ఇల్లు కనబడితే వాడికి అన్నం సయించేది కాదు. అలాంటివాడు ఐదేళ్ల కిందట ఎమ్మిగనూరుకు ఏదో రిపేరికి పోయివచ్చి, తల తిరిగినవాడిలా మాట్లాడాడు.

"అవ్వా, ఇంక పెట్టెలు అమ్మను. పెట్టెల్లోకి బుద్ధి అమ్ముతా."

"నీకే బుద్ధి తక్కువయ్యె. ఊరికేం అమ్ముతావురా?" అంది ఉచ్చీరమ్మ.

బుద్ధి అంత తొందరగా అమ్ముడుపోయే సరుకు కాదు. అంగడిలో సగం వాటా ఉన్న బామ్మర్ది లోకేష్‌కు ఓపిక అయిపోయింది. దసరా లోపల పెట్టెలు కదలకపోతే సెల్‌ఫోన్ల అంగడి పెడతానన్నాడు. మెట్లు కొట్టేసి అద్దాల తలుపులు పెడతానన్నాడు. మెట్లు పోతే ఉచ్చీరమ్మ స్టవ్వూ పోతుంది. పద్దెనిమిదేళ్లుగా ఎవరి ముందూ చేయి చాచకుండా ఆమె బతికింది ఆ మూడు మెట్ల మీదే.

ఒకనాడు లోకేష్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అవ్వా, ఎమ్మిగనూరు మగ్గాలోళ్ల పెద్ద ఉచ్చీరప్ప వస్తాండాడు. పన్నెండిండ్ల బేరం. మా బావ నోరు తెరిచినాడంటే నీ స్టవ్వు, నా అంగడి రెండూ పోతాయి. ఆ నోరు మూయించే పని నీది."

"అదెంత పనప్పా," అని ఉచ్చీరమ్మ గిన్నెడు మిరపకాయ బజ్జీలు పట్టుకుని పోయి జయరాజు పక్కన కూర్చుంది.

ఉచ్చీరప్ప వచ్చి, "పన్నెండిండ్లకు కావల్లన్నా," అన్నాడు.

"వద్ద..." అన్నాడు జయరాజు. నోట్లో బజ్జీ పడింది.

"మంచి ధరకిస్తాం," అన్నాడు లోకేష్.

"పెట్టెలు మీకెందు..." ఇంకో బజ్జీ.

"అవ్వా, నీకే..." మూడోది. ఘాటుకు జయరాజు కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

"ఎందుకమ్మా ఆయన్ని చంపుతాండావు?" అన్నాడు ఉచ్చీరప్ప. "పెట్టెలు ఎవురడిగినారు? పన్నెండిండ్లల్లోనూ ఈయన అమ్మినవే ఉండాయి, గుడ్డ కప్పినాము. మాకు అక్షరం రాదు. అవి మాకు అర్థం కావు. ఐదేండ్ల కింద పక్కింటికి రిపేరికొచ్చి, మా ఇంట్లో నీళ్లు తాగుతా ఆ గుడ్డ చూసినాడు. గ్లాసు కింద పెట్టేసినాడు. 'చదువు రానోళ్లకి చదువు పెట్టె అంటగట్టినా గదన్నా' అని ఒకటే బాధ. అప్పట్నుంచి ఆదివారమాదివారం వచ్చి, మా మగ్గాల కాడ కూర్చొని, మా పని నేర్చుకొని, నా పెట్టెకి మాటలు నేర్పినాడు. మీట నొక్కితే 'ఎరుపు నాలుగు, పసుపు రెండు' అని చీర అంచు డిజైను అదే చెప్తాది. కండ్లు మగ్గం మీద, చెవులు పెట్టె మీద. ఆ సాఫ్ట్‌వేరే పన్నెండిండ్లకీ ఎక్కించల్ల. నా దానికి పైసా తీసుకోలా. వీటికైనా ధర చెప్పండి."

లోకేష్ బజ్జీ తినకుండానే గుటకలు మింగాడు. "అవ్వా, ఇది... అమ్మినట్టే కదా?"

"అమ్మినట్టే. ఇంక మెట్ల జోలికి వచ్చినావంటే ఈ గిన్నెలో మిగిలినవన్నీ నీ నోట్లోకే."

ఐదేళ్లుగా తాను ఎవరిని పిచ్చోడని తిట్టిందో ఉచ్చీరమ్మకు తెలిసొచ్చింది. తప్పయిందని చెప్పడం ఆమె వంశంలో లేదు. చెంబెడు మజ్జిగ తెచ్చి జయరాజు చేతిలో పెట్టి, "తాగు, చచ్చేవు," అంది.

"ఒక్క లోపముండాదన్నా," అన్నాడు ఉచ్చీరప్ప. "పెట్టెలో నీ గొంతు పిల్లి గొంతు మాదిరి ఉండాది. మగ్గం చప్పుట్లో ఇనపడదు."

జయరాజు మజ్జిగ చెంబు దించి, ఉచ్చీరమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, రేపు పొద్దున స్టవ్వు ముట్టించకముందే లోపలికి రా. ఎరుపు, పసుపు అన్నీ నీ గొంతుతోనే చెప్పల్ల. పది నిమిషాలు మీట నొక్కకుండా బీడీకి పోయినోళ్లకని నాలుగు తిట్లు కూడా కావల్ల. కొత్తవి ఆలోచించద్దులే. రోజూ నన్ను తిట్టేవే చాలు."