ధర్మరాజు చేసిన సలాం

పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు నల్గొండలో మా హైస్కూలు పిల్లలం మొదటిసారి తెలుగులో నాటకం వేశాం. అంతకుముందు వార్షికోత్సవమంటే ఉర్దూలో షాయరీ చదవడమే. వేదిక మీద ఎట్లా నిలబడాలో, గొంతు ఎక్కడ పెంచాలో మాకు నేర్పింది మా ఉర్దూ మౌల్వీసాబు. చదవడం కాగానే నడుం వంచి, అరచెయ్యి నుదుటిదాకా ఎత్తి సలాం చెయ్యాలి. మరిచిపోతే చెవి మెలిపెట్టేవాడు.

ఈసారి నేను ధర్మరాజును. తలమీద అట్ట కిరీటం, ఒంటిమీద మా అవ్వ పట్టుచీర. నాటకానికి మౌల్వీసాబును ఎవరూ పిలవలేదు. ఆయనే వచ్చి ఆఖరి బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

నా పద్యం అయిపోయింది. చప్పట్లు మోగాయి. నడుం దానంతటదే వంగింది, చెయ్యి నుదుటికి లేచింది. నిండు సభలో ధర్మరాజు సలాం కొట్టాడు!

పందిరంతా ఒకటే నవ్వు. "రాజ్యం పోయింది గని, వీని సలాం పోలేదురో!" అని ఎవరో అరిచారు. నాటకం నేర్పిన కొత్త తెలుగు పంతులు తెర పక్కనుంచి కళ్లెర్రజేశాడు.

ఆఖరి బెంచీలో మౌల్వీసాబు ఒక్కడే నవ్వలేదు. లేచి నిలబడి, నడుం వంచి, అరచెయ్యి నుదుటిదాకా ఎత్తి, ధర్మరాజుకు తిరిగి సలాం చేశాడు.

ఆ తర్వాత ఎన్నో వేదికలెక్కాను, పద్ధతిగా నమస్కారాలే పెట్టాను. కానీ ఆనాడు చేసింది తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను. అంతగా నవ్వారే, వాళ్లలో సగం మందికి ఆ సలాం నేర్పిందీ ఆయనే.