రంగి కొరికిన దారం

"లోపల్నే తెగితే ఎట్ల బిడ్డా? గది నా కడుపుల ఉండిపోతదా?"

మాత్రను అరచేతిలో పెట్టుకుని రంగి అడిగిన మొదటి మాట అది. ఆమె పేరు కూడా ఇంకా రిజిస్టర్‌లో రాయలేదు. "తెగదమ్మా, గట్టి దారం," అన్నాను. జువాలజీ చదివినదాన్ని కదా, ధీమాగానే అన్నాను.

1993 నాటి మాట. చుట్టుపక్కల తండాల్లో మింగుడు పడక చనిపోయేవాళ్లు ఎక్కువయ్యారని, మాడుగులపల్లి బడిలో అన్నవాహిక క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. మిర్యాలగూడ నుంచి ఏడాది పాపను చంకనేసుకుని వెళ్లి డాక్టర్లకు సాయం చేసేదాన్ని. దారం కట్టిన మాత్రను నీళ్లతో మింగిస్తాం. కడుపులో పైతొడుగు కరిగి, లోపలి స్పాంజి విచ్చుకుంటుంది. ఏడు నిమిషాలకు దారం లాగితే, స్పాంజి అన్నవాహిక గోడలను రాసుకుంటూ పైకొస్తుంది. దానికి అంటుకున్న కణాలను పరీక్షిస్తారు. అందాకా దారం కొస పట్టుకుని కూర్చోవడం నా పని.

రంగికి యాభై దాటాయి. తండాలో అద్దాల రవికెలు కుట్టేది. చేతులు ఊరుకోవు, మాత్ర మింగాక కూడా ఒళ్లో సగం కుట్టిన రవికె పెట్టుకుంది. మింగేటప్పుడు ఏమైనా అడ్డం పడుతోందా అని అడిగితే, "నాకేంది, మంచిగనే ఉన్న," అంది.

భర్త గేమ్యా నవ్వాడు. "మంచిగనే ఉంటది. దసరా సంది జొన్నరొట్టెను సలసల కాగే చాయ్‌ల నానబెట్టి మింగుతున్నది. పండ్లు కదులుతున్నయంట, నాకైతే ఒక్కటి కదిలినట్టు కనబడ్తలేదు."

"నీకు నేనే కనబడ, నా పండ్లేం కనబడ్తయ్!" అంది రంగి, దారం పక్కనుంచే.

నాలుగో నిమిషంలో మా పాప బిస్కెట్టు ముక్క గొంతుకు అడ్డం పడి దగ్గింది. దారం వదిలేసి పరుగెత్తాను. వీపు తడితే ముక్క బయటపడింది. తిరిగి వచ్చేసరికి రంగి నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. రవికె మీద ఒక అద్దం కుట్టడం పూర్తయింది. అలవాటుగా సూది దారాన్ని పళ్లతో కొరికింది. దాంతోపాటు మా దారాన్నీ కొరికేసింది. తెగిన కొస అప్పటికే గొంతులోకి జారిపోయింది.

"నలభై ఏండ్ల సంది దారం కొరుకుతున్నదాని నోట్లనే దారం పెడ్తిరి," అన్నాడు గేమ్యా. ఈసారి నవ్వలేదు.

గొట్టం వేసి తీయాలి, హైదరాబాద్ పోవాలి అన్నారు డాక్టరు. జీపులో పాపను ఎత్తుకుని నేనూ వెళ్లాను. సగం దారి దాటేదాకా ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి చెప్పేశాను, "వదిలేసింది నేనే రంగమ్మా."

"బిడ్డ దగ్గుతుంటే ఏ తల్లి దారం పట్టుకొని కూసుంటది?" అంటూ పాపను తన ఒళ్లోకి తీసుకుంది.

హైదరాబాద్‌లో గొట్టం వేస్తే స్పాంజి వచ్చింది. కానీ అక్కడి డాక్టరు ముఖం తేలికపడలేదు. అన్నవాహికలో పెసరబద్దంత మచ్చ కనిపించింది, ముక్క తీసి పరీక్షకు పంపామన్నారు. పదకొండో రోజున ఫలితం వచ్చింది: క్యాన్సరే, కానీ ఇంకా పైపొరలోనే ఉంది, ఆపరేషన్ చేయొచ్చు.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు తండాకు వెళ్లాను. రంగి బాగా చిక్కిపోయింది. వాకిట్లో కూర్చుని, చల్లారిన జొన్న గటక కొంచెం కొంచెంగా మింగుతోంది. "తిన్నవా రంగమ్మా?" అని పలకరించాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. ఆనాటి నుంచి మా పాప దగ్గరా, మా అత్తమ్మ దగ్గరా అలాగే చేస్తున్నాను.

"అందరు గిదే అడిగిండ్రు బిడ్డా. తిన్న అంటి, చాయ్‌ల నానబెట్టి తిన్ననే గద. నువ్వు అడ్డం పడుతున్నదా అంటే గూడ మంచిగనే ఉన్న అంటి, ఎట్ల దిగుతున్నదో ఒక్కరు సూడలే. నువ్వైతే తిన్నరా అని అడిగి లేచిపోకు. జరసేపు ఎదురుంగ కూసొని, బుక్క దిగేటప్పుడు మొఖం సూడు."