వంటింటి గోడకు తూటు

కొత్త ప్లైవుడ్, దాన్ని అతికించిన జిగురు, తలుపుల మీద ఇంకా ఊడదీయని ప్లాస్టిక్ పొరలు, వీటన్నిటి మీదా పొద్దున పొంగించిన పాల మాడు వాసన. జనగామలో మా తమ్ముడు శ్రీధర్ కట్టుకున్న ఇంటి వంటగదిలో అడుగు పెట్టగానే ముక్కుకు తగిలింది ఇదే. శ్రీధర్ మా చిన్నాయన కొడుకు. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ తనే వెంటబెట్టుకొచ్చి వంటగది చూపిస్తున్నాడు. హాలుకూ వంటగదికీ నడుమ గోడ లేదు. అల్మారాలకు పిడులు లేవు, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. గది నడుమ తెల్లరాతి గట్టు, దాన్ని ఐలాండ్ అంటారట, చుట్టూ ఎత్తు కుర్చీలు, పొయ్యి మీద చెయ్యి ఊపితే నడిచే నల్లద్దం చిమ్నీ. వంట చేసే మనిషి ఇంట్లో అందరికీ కనిపిస్తూ, మాట్లాడుతూ ఉండాలనేది ఇప్పటి పద్ధతి అని డిజైన్ చేసిన అమ్మాయి చెప్పిన మాటలను తమ్ముడు మాకు అప్పజెప్పాడు. మరి మిరపకాయలు వేయిస్తే ఎట్లా అని ఎవరో అడిగారు. దానికి వెనక ఇంకో చిన్న గది ఉందన్నాడు.

వంట చేసే మనిషి కనిపించాలన్న మాట నాకు మా ఊరి వంటింటిని గుర్తు చేసింది. తరిగొప్పుల దగ్గర మా ఊళ్లో, మా తాత ఇంట్లో, వంట చేసే మనిషి కనిపించకూడదు, దగ్గితే వినిపించకూడదు, ఆమె ఊదిన పొయ్యి పొగ నడుమ గది దాటి రాకూడదు. వంటిల్లు ఇంటికి వెనక కొసన ఉండేది. మూడు వైపులా మట్టిగోడలు, పైన గూనపెంకులు, నాలుగో వైపు ఒక్క తలుపు, ఆ తలుపు కూడా తాత ఇంట్లో ఉన్నంతసేపూ మూసి ఉండేది. వానకాలంలో పత్తికట్టె తడిసి, పిడకలు మెత్తబడి, ఊదీ ఊదీ అమ్మ చెంపలు పీక్కుపోయేవి గానీ మంట లేచేది కాదు. పొగ మాత్రం పెంకుల సందుల్లో నుంచి తాపీగా పోతూ, పోలేనిది కిందికి దిగి, నేల మీద కూర్చున్న మా మెడల దాకా వచ్చేది. వంటింట్లోకి తాత కాలు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన నడుమ గదిలో పీట మీద కూర్చుంటే వేడివేడి జొన్నరొట్టె పళ్లెంలో పడాలి. రొట్టె చల్లబడితే మాట అనడు, పళ్లెం పక్కకు జరుపుతాడు. ఆ జరిపిన చప్పుడు వంటింటి దాకా వినపడేది.

ఆ రోజుల రుచుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ తిన్నాను. మొగులు పట్టిన సాయంత్రాల్లో మక్కగారెలు, అంచులు కరకరలాడే సర్వపిండి, ఉల్లిగడ్డ పిసికిన పచ్చిపులుసు, బతుకమ్మ పండుగకు బెల్లం కలిపిన మలీద, నువ్వుల సత్తుపిండి. వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతూ ఆడుతూ ఒంటికాలి మీదే పరుగెత్తుకొచ్చి, తలుపు సందులో చెయ్యి పెడితే, లోపలి నుంచి ఎవరిదో మసిచెయ్యి ఒక గారె పెట్టేది. ఆ చెయ్యి అమ్మదా, చిన్నమ్మదా అని చూసేవాళ్లం కాదు. గారె వేగిందా లేదా అనే చూసేవాళ్లం.

శ్రీధర్ వాళ్లమ్మ, మా సరోజన చిన్నమ్మ, మరిపెడ నుంచి కోడలై వచ్చింది. వాళ్ల పుట్టింటి వంటగదికి రెండు కిటికీలుండేవట. ఒకదాంట్లో కరివేపాకు చెట్టు కొమ్మ లోపలికే వచ్చేదనీ, పొయ్యి ముందర కూర్చునే ఆకు తెంపేదాన్ననీ చెప్పేది. వచ్చిన మొదటి వానకాలానికే ఆమెకు దగ్గు పట్టుకుంది. వెనక గోడకు చిన్న కిటికీ పెట్టిస్తే బాగుంటుందని ముందు చిన్నాయనతో అంది, ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మా నాయనమ్మతో అంది. నాయనమ్మ ఆ మాటను తాత చెవిన వేసింది.

అయ్యే పని కాదని తాత అన్నాడు. కారణం కూడా చెప్పాడు. ఆ వెనక గోడకు అవతల ఉన్నది మా చిన్నతాత పెరడు. భూమి పంపకాల్లో అన్నదమ్ములిద్దరికీ చెడింది. నేను పుట్టకముందు నుంచే వాళ్లకు మాటల్లేవు. ఒకరు ఎదురొస్తే ఇంకొకరు తల తిప్పుకుని పోయేవారు. అటువంటి గోడకు కిటికీ పెడితే వాళ్ల కళ్లు మన కుండల మీద పడతాయని తాత వాదన. నాయనమ్మకు అది సబబే అనిపించింది. తను అదే పొగలో అంతమంది పిల్లల్ని పెంచలేదా అంది.

గోడకు అవతల చిన్నతాత కోడలు గిన్నెలు తోమేది. ఆమె కూడా నాకు చిన్నమ్మ వరసే కాబట్టి పిల్లలం అవతలి చిన్నమ్మ అనేవాళ్లం. బావి దగ్గర కనిపిస్తే మాట్లాడవద్దని మాకు చెప్పి ఉంచారు. ఒకనాడు పొయ్యి మీద మిరపకాయలు వేగుతుంటే చిన్నమ్మకు దగ్గు ఆగక, గోడకు వీపు ఆనించి కూర్చుంది. నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. గోడలో నుంచి గొంతు వచ్చింది.

"ఎవరు గంతగనం దగ్గుతున్నరు? సరోజననా?"

చిన్నమ్మ నా మొహం చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి, అవునక్కా అంది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏమేం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు గానీ, రోజూ గిన్నెలు తోమే వేళకు చిన్నమ్మ వెనక గోడ దగ్గరికి జరిగేది. ఎడ్లు కొనడానికి మా ఇంటి మగవాళ్లు ఒక బండిలో, అవతలి మగవాళ్లు ఇంకో బండిలో జనగామ అంగడికి పోయిన రోజున, ఇవతల నుంచి చిన్నమ్మ, అవతల నుంచి ఆమె గడ్డపారలతో గోడను తవ్వారు. అమ్మ వద్దని రెండుసార్లు అని, ఆ తర్వాత తనే గంప తెచ్చి మట్టి ఎత్తిపోసింది. వానలకు నానిన గోడ బెల్లంలా రాలింది. చివరి పెళ్ల పడగానే అవతలి గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి పొయ్యిలో మంట పక్కకు వంగింది. అటు నుంచి గాజులు వేసుకున్న చెయ్యి ఒకటి వచ్చింది. చిన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాయనమ్మ అంతా చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె పొయ్యి ముందర కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకోనక్కర లేకుండా ఒక రొట్టె కాల్చి, చాట తెచ్చి ఆ తూటుకు అడ్డంగా తగిలించింది. మగవాళ్లు ఉన్నప్పుడు చాట, లేనప్పుడు గాలి.

నా చిన్నతనంలో నాకు మిగిలిన మంచి కాలం ఏదంటే ఆ కొన్నాళ్లే. తూటులో నుంచి ఇటు తొక్కు, అటు పప్పు. ఇటు బీరకాయ కూర, అటు కొత్త వెన్న. వంటింట్లో మొదటిసారి అమ్మ పాడగా విన్నాను. చిన్నమ్మ దగ్గు తగ్గింది. వాళ్ల మాటలు వింటూ పొయ్యి పక్కనే గచ్చకాయలాడుకునేవాళ్లం, వాకిట్లోకి పొమ్మని ఎవరూ తరిమేవాళ్లు కాదు.

పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు గారెలు, చింతపులుసు, గుమ్మడికాయ కూర చేశారు. చిన్నమ్మ గుమ్మడికాయ కూర ఇత్తడి గిన్నెలో పెట్టి అవతలికి ఇచ్చింది. ఆ గిన్నె అంచు మీద మా ముత్తాత పేరు చెక్కి ఉందన్న ధ్యాస ఎవరికీ లేదు. మధ్యాహ్నం చిన్నతాత మా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ఆ గిన్నె ఉంది. అరుగు మీద కూర్చున్న తాత లేచి నిలబడ్డాడు.

"అన్నా, గీ గిన్నె మీద నాయిన పేరున్నది. గిది మా ఇంట్లకు ఎట్ల వచ్చింది?"

కర్రలు లేస్తాయని అమ్మ నన్ను లోపలికి గుంజింది. అట్లాంటిదేమీ జరగలేదు. తాత చాట తీయించి, గడప అవతలే నిలబడి తూటు చూశాడు. చిన్నతాత తన పెరట్లోకి పోయి అటు నుంచి చూశాడు. తర్వాత ఇద్దరూ వచ్చి అరుగు మీద ఒకే మంచంలో కూర్చున్నారు.

"ఇయ్యాల గోడకు తూటు పెట్టినోళ్లు రేపు ఇంటికి పెడ్తరు," అన్నాడు తాత.

"గది నిజమే అన్నా," అన్నాడు చిన్నతాత.

పొలం గట్టు మీద కుదరని రాజీ, పెద్దమనుషులు చెప్పినా కుదరని రాజీ, ఆ ఒక్క మాట మీద కుదిరింది. సాయంత్రానికి జీతగాళ్లు రాళ్లు, తొక్కిన మట్టి తెచ్చి ఇటూ అటూ పూడ్చారు. పాత గోడ కంటే దిట్టంగా పూడ్చారు. అన్నదమ్ములు కలిసిన సంబరానికి కల్లు వచ్చింది, కోడి వచ్చింది. ఆ కోడికూర వండింది చిన్నమ్మే, తడి మట్టి వాసన కొట్టే ఆ గోడ ముందర, తలుపు మూసి. అన్నదమ్ములు కలవడమే పదివేలని నాయనమ్మ అంది. చిన్నమ్మ కూర కలుపుతూ తల ఎత్తకుండా జవాబిచ్చింది.

"గోడ గూడ కలిసింది కదా అత్తమ్మా."

పగ పోయింది కాబట్టి ఇప్పుడైనా కిటికీ పెట్టవచ్చు కదా అని ఆమె మరుసటి ఏడు అడిగించింది. కలిసినంక మళ్లీ లొల్లి ఎందుకని తాత అన్నాడు. అవతలి చిన్నమ్మ పండుగలకు ముందు వాకిలి నుంచి చుట్టంలా వచ్చి, బొట్టు పెట్టించుకుని, మగవాళ్ల ముందర రెండు మాటలాడి వెళ్లిపోయేది.

చిన్నమ్మ దగ్గు తిరిగొచ్చింది, ఈసారి పోలేదు. హనుమకొండ దవాఖానలో మొదట క్షయ అని మందులు మింగించారు. అది కాదని తేలాక ఒక డాక్టరమ్మ, ఏ పొయ్యి మీద వండుతావమ్మా అని అడిగిందట. ఇంటికి గ్యాస్ వచ్చేనాటికి చిన్నమ్మ నాలుగు మెట్లు ఎక్కితే కూర్చుండిపోయేది. శ్రీధర్ అప్పుడు హాస్టల్లో చదువుకుంటున్నాడు. సెలవులకు వస్తాడనగా ముందు రోజే ఆమె దగ్గు మందు తాగి, వాడికి ఇష్టమైనవన్నీ వండిపెట్టేది. వాడు డిగ్రీలో ఉండగా పోయింది.

మొన్న భోజనాల వేళ, ఐలాండ్ దగ్గర నిలబడి శ్రీధర్ స్నేహితులకు మా ఇంటి కథ చెప్పాడు. మాటల్లేని మా తాతలిద్దరూ ఒక గోడ విషయంలో ఎట్లా మళ్లీ ఒకటయ్యారో, ఆ పెద్దరికం ఎటువంటిదో చెప్పి, ఆ తలపుతోనే తన ఇంట్లో గోడ తీసేయించానన్నాడు. వాళ్లు మెచ్చుకున్నారు. నేను వాణ్ని పక్కకు పిలిచి, ఆ గోడకు తూటు పెట్టింది మీ అమ్మ అనీ, ఎందుకు పెట్టిందీ, ఎవరు పూడ్పించారూ చెప్పాను.

"మంచి దినం, గవన్నీ ఇప్పుడెందుకక్కా," అన్నాడు.

ఊళ్లో ఇప్పుడు ఆ రెండిళ్లూ లేవు. రెండూ కూలగొట్టి ఆ జాగాలో ధాన్యం గోదాం కట్టారు. తాత లేడు, చిన్నతాత లేడు, అమ్మ లేదు. పత్తికట్టెను పొలంలోనే కాలబెడుతున్నారు. అవతలి చిన్నమ్మ మాత్రం ఉంది. గృహప్రవేశానికి ఆమెను కూడా తీసుకొచ్చారు. ఎత్తు కుర్చీ ఎక్కలేక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్లమ్మ వండేదని శ్రీధర్ అడిగి చేయించిన కేటరింగ్ గుమ్మడికాయ కూర ఆకులో పెడితే, వేలితో ముట్టి వదిలేసింది. శ్రీధర్ చెప్పిన కథ ఆమె కూడా విన్నది. నేను పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుంది.

"దాని చేతి కూర యాదికున్నది పోరనికి," అంది. "దాని దగ్గు యాదికి లేదు బిడ్డా."