చెట్టు మీది కాళ్ళు

పచ్చడికాయ తొడిమ తుంచగానే సొన చిమ్మి నా ముంజేతి మీద పడింది. సరిగ్గా అప్పుడే, కాయలు తెచ్చినావిడ గడపలో కూర్చుని, “మీ ముసునూరు కోటయ్యని తెల్ల డాక్టరమ్మ ఒక్క వేలితో ముట్టుకుని లేపేసిందంటగా అండీ” అంది.

“ఆవిడ డాక్టరు కాదు. ముట్టుకున్న రోజు అతను లేవనూ లేదు” అన్నాను.

“అయితే చెట్టు మీద పట్టుకున్నదాన్ని వదిలించిందంటారు, అదా?”

“అదీ కాదు.”

ఆవిడ నా వైపు జాలిగా చూసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళకి ఏ కథా రుచించదని ఆవిడ ఉద్దేశం కావచ్చు. చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. సొన వాసన పోలేదు. ఆ వాసనలోనే నేను ఆ తెల్లావిడని, హెలెన్ గారిని, మొదటిసారి చూశాను. ఆవిడ కోటయ్యని ముట్టుకున్న రోజు అతను అన్న మాట విన్నవాళ్ళం నలుగురం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది నేను. కాబట్టి ఈ ఊళ్ళో ఆ సంగతి చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ముందు నాకుంది.

హెలెన్ గారు విదేశంలో ఒక కాలేజీలో ఫిజియోథెరపీ పాఠాలు చెప్పేవారు. కొన్నేళ్ళ కిందట వరసగా రెండు ఆగస్టుల్లో, ఆరేడుగురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని మా వైపు వచ్చి, రెండేసి వారాలు ఉచితంగా వైద్యశిబిరం నడిపారు. మామిడి సీజను అయిపోయాక ఖాళీగా పడి ఉన్న ఒక షెడ్డులో మంచాలు వేశారు. కాయ ఒక్కటి కూడా లేదు. మాగబెట్టిన గడ్డి మూలన నల్లబడి ఉంది. అయినా గోడలూ నేలా సొన వాసన వేసేవి. పగలే చీకటిగా ఉండే ఆ షెడ్డులో, కదలలేని మనుషులు వరసగా పడుకుని రేకుల కప్పు వైపు చూస్తూ ఉంటే, నాకు ఎప్పుడూ ఒళ్ళు ఏదోలా ఉండేది. పైకి మాత్రం చెప్పేదాన్ని కాదు.

నేను నూజివీడులో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. శిబిరానికి దుబాసీ కావాలంటే నన్ను పిలిచారు. నా ఇంగ్లీషు మీద నాకు తగని గర్వం. మా వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పరు, అడగనిదంతా చెబుతారు అని నా ఫిర్యాదు. నడుం నొప్పి ఎప్పటి నుంచి అంటే మేనత్త కూతురి పెళ్ళి దగ్గర మొదలెడతారు. అదంతా వడగట్టి ఒక్క ముక్కలో చెప్పడమే దుబాసీతనం అనుకునేదాన్ని.

మొదటి ఏడాది మైలవరం నుంచి సుగుణమ్మ అనే ఆవిడను ఆటోలో తీసుకొచ్చారు. మిద్దె మెట్ల మీంచి పడింది. విద్యార్థి ఒకడు ఆవిడ కళ్ళు మూసుకోమని, పాదం మీద దూది రాసి, ముట్టుకుంటే తెలుస్తోందా అని అడిగాడు. సుగుణమ్మ చాలాసేపు మాట్లాడింది. మధ్యలో పైకి చెయ్యి చూపింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. నేను “నో” అన్నాను. హెలెన్ గారు నా మొహంలోకి చూసి, “అంతేనా?” అని అడిగారు. “అంతే” అన్నాను. సుగుణమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీతోనే పంపించేశారు. ఆవిడ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను ఆవిడ దగ్గరికి.

రెండో ఏడాది కోటయ్య వచ్చాడు. వచ్చాడంటే, భార్య నాగమణీ బావమరిదీ మంచంతో సహా మోసుకొచ్చారు. ముసునూరు పొలిమేరలో ఒక పాత చిన్నరసాల తోటలో కాయలు కోస్తూ, పై కొమ్మకి చిక్కం కట్టిన గెడ అందిస్తూ జారి పడ్డాడు. అది మే నెల. అప్పటి నుంచి నడుం కింద కదలిక లేదు. శిబిరంలో రెండు జాబితాలు ఉండేవి. కాళ్ళలో కాస్తయినా స్పర్శ ఉన్నవాళ్ళకి నిలబడే శిక్షణ. అసలు లేనివాళ్ళకి చక్రాల కుర్చీ. ఇద్దరు చిన్నపిల్లలున్న కూలీ మనిషికి ఆ రెండు జాబితాల మధ్య ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు.

క్లేర్ అనే విద్యార్థిని అతని ఎడమపాదం మీద దూది రాసింది. తెలుస్తోందా అని అడిగాను.

“కాలి మీద కాదండి, మేడంగారూ” అన్నాడు కోటయ్య, కళ్ళు మూసుకునే. గొంతులో బాధ లేదు, దారి చెబుతున్నట్టు ఉంది. “నా కాళ్ళు ఇక్కడ లేవు కదండీ. చెట్టు మీదున్నాయి. ఎడమది కొమ్మకి మెలేసుంది, కుడిది కిందకి వేళ్ళాడతంది. అక్కడ ఎవరో ఈకతో రాసినట్టుందండి.”

“కాళ్ళు చెట్టు మీద పెట్టుకుని తిండికి మాత్రం ఇంటికొచ్చాడు” అంది నాగమణి. చుట్టుపక్కల మంచాల మీద ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను “నో” అన్నాను. క్లేర్ కాగితం మీద సున్నా చుట్టి, చక్రాల కుర్చీల కాగితాల దొంతరలో పెట్టేసింది.

హెలెన్ గారు పెన్ను మూత పెట్టి నన్ను షెడ్డు బయటికి తీసుకెళ్ళారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చల్లగా ఉండే చేతులు.

“అతను అంతసేపు మాట్లాడాడు. మీరు ఒక్క మాట చెప్పారు. మిగతాది ఏమైంది?” అని ఇంగ్లీషులో అడిగారు.

“మిగతాది మీకు పనికొచ్చేది కాదు.”

“పనికొస్తుందో లేదో ఎవరు చెప్పాలి?”

“ఊళ్ళోవాళ్ళ మూఢనమ్మకాలన్నీ మోసుకొచ్చి మీ ముందు పొయ్యడం నా పని కాదండీ. రేపు మీ పిల్లలు వాళ్ళ దేశం వెళ్ళి, ఇండియాలో కాళ్ళు చెట్లెక్కుతాయట అని నవ్వుకుంటారు.”

“నవ్వితే ఆ నవ్వు వాళ్ళది. కానీ ఆ మాట అతనిది. మీది కాదు, దాచుకోవడానికి.”

ఉక్రోషంతోనే, అతను అన్నది మొత్తం, ఈక దాకా, అప్పజెప్పాను. ఆవిడ నవ్వుతారని ఎదురుచూశాను. ఆవిడ మొహం పాలిపోయింది.

వెన్ను దెబ్బతిన్న కొందరికి అలా ఉంటుందట. పడే క్షణాన కాళ్ళు ఎలా ఉన్నాయన్న కబురే మెదడుకి చివరిసారి అందుతుంది, ఆ తర్వాత దారి తెగుతుంది, మనిషి ఆ కబురునే పట్టుకుని ఉండిపోతాడు. అంతవరకు ఆవిడ విన్నదే. “కానీ క్లేర్ ఇక్కడ రాస్తే అతనికి అక్కడ తెలిసింది. అంటే దారి పూర్తిగా తెగలేదు. మీరు లేదని చెప్పారు. అతను ఉందనే చెప్పాడు” అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, అక్కడితో చెల్లిపోయేది.

మర్నాడు మధ్యాహ్నం కోటయ్య ఇంటికే వెళ్ళాం, హెలెన్ గారు, క్లేర్, నేను. అతను రోజంతా ఎక్కడ పడుకుని దేన్ని చూస్తాడో చూడాలన్నారు ఆవిడ. తోట అంచునే రెండు గదుల ఇల్లు. మంచం మీంచి గుమ్మంలోకి చూస్తే ఆ చెట్టు కనిపిస్తుంది. మబ్బు పట్టి తోట లోపల దట్టంగా చీకటిగా ఉంది. ఆ చెట్టు కింద మాత్రం కోయని కాయలు రాలి, కుళ్ళి, టెంకలై పడి ఉన్నాయి. కోటయ్య పడ్డాక దాన్ని ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

“ఎండలో కాళ్ళు కాలతన్నాయంటాడండి, ఇక్కడ నీడలో పడుకుని” అంది నాగమణి. “చీమలు పాకతన్నాయంటాడు. దులుపుదామంటే ఎక్కడ దులపను? నేను రాసే కొబ్బరినూనె కూడా ఆ కొమ్మకే అందుద్దంట.”

హెలెన్ గారు రాత్రికి రాత్రే ఒక తెలుగు మాట నేర్చుకొచ్చారు. హోటలు కుర్రాణ్ణి అడిగారట. కోటయ్య కళ్ళకి తుండు కట్టి, ఎడమ బొటనవేలు రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

“ఎవరో వేలు పట్టుకున్నారండి. కొమ్మ మీద” అన్నాడు.

నేను మొత్తం చెప్పాను.

“ఇంకా?” అన్నారు హెలెన్ గారు, తెలుగులో.

“పైకి వంచారండి... ఇప్పుడు కిందకి.” రెండూ సరిగ్గానే చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడి రాసుకుంటున్న క్లేర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెలెన్ గారు వేలు వదిలేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇంకా?”

కోటయ్య మెల్లిగా, “ఇప్పుడు కుడిది పట్టుకున్నారండి. చల్లటి చెయ్యి. గట్టిగా” అన్నాడు.

మంచం దగ్గర హెలెన్ గారు తప్ప ఎవరూ లేరు. నాగమణి నా పక్కనే ఉంది. హెలెన్ గారి రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ముందు రోజైతే ఈ మాట మింగేసేదాన్ని. ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. హెలెన్ గారు తన చేతుల వైపు ఒకసారి చూసుకుని, మళ్ళీ అదే మాట, ఈసారి గుసగుసగా, “ఇంకా?” అన్నారు.

“వదల్లేదండి. కాళ్ళు తడుస్తన్నాయి” అన్నాడు.

బయట వాన లేదు. మేం సామాన్లు సర్దుకుంటుండగా తోట అవతలి వైపు ఆకుల మీద చప్పుడు మొదలై, మెల్లిగా ఇంటి దాకా వచ్చింది. మబ్బు పట్టిన రోజున వాన వస్తుందని ఎవరైనా చెప్పగలరు. నాతో నేను ఇప్పటికీ అదే వాదిస్తూ ఉంటాను. హెలెన్ గారు వాదించలేదు. కాగితం మీద అన్నీ వరసగా రాశారు, కుడికాలి మాటా, వాన మాటా, అతను చెప్పిన క్రమంలోనే. ఎడమ, స్పర్శ ఉంది. కుడి, రోగి చెప్పినది ఇది. అంతే.

కోటయ్య జాబితా మారింది. షెడ్డులో వెదురు బొంగులు కట్టి, వాటి మధ్య అతన్ని నిలబెట్టడం మొదలుపెట్టారు. తొమ్మిదో రోజున, చెమటలు కారుతూ, “ఎడమది దిగిందండి” అన్నాడు. ఎక్కడికి దిగిందని అడిగాను. “ఇక్కడికే. నేల చల్లగా ఉంది.” అది నిజం. కానీ ఊళ్ళో చెప్పే కథలో నాగమణి ఉండదు, అదే నా కోపం. హెలెన్ గారు వెళ్ళిపోయాక పది నెలలు, రోజూ పొద్దున కూలికి పోయే ముందూ సాయంత్రం వచ్చాకా, అతన్ని ఇంటి ముందు అలాగే కట్టిన బొంగుల మధ్య నిలబెట్టింది నాగమణి. ఇవాళ అతను వాకర్ పట్టుకుని, కుడికాలికి బూటుకి బిగించిన ఇనుప చట్రం తొడుక్కుని నడుస్తాడు. తోటలో కాపలా ఉంటాడు.

ఆ తర్వాత నేను హెలెన్ గారికి మెయిల్ రాశాను. ఆ రోజు మీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి కదా అని. “ఉన్నాయి. మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. అంతకంటే నాకు తెలియదు. తెలియనిదాన్ని కొట్టేసే హక్కు నాకు లేదు” అని జవాబు. మూడో ఏడాది ఆవిడ రాలేదు. జబ్బు చేసింది. పోయారని క్లేర్ రాసింది.

పోయినేడాది గాలివానకి ఆ చెట్టు కూలిపోయింది. వేళ్ళతో సహా లేచిపోయింది. చూడ్డానికి వెళ్తే కోటయ్య ఆ గొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

“కుడికాలు ఇప్పుడెక్కడుంది కోటయ్యా?” అని అడిగాను.

అతను ఖాళీగా ఉన్న ఆకాశంలోకి, ఒకప్పుడు ఆ కొమ్మ ఉండేంత ఎత్తుకి, తలెత్తి చూపించాడు. “అక్కడే ఉందండి. చెట్టే లేదు.”

నేను మారిపోయానని చెప్పను. నా నోరు అలాగే ఉంది, మా స్టాఫ్‌రూములో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఎవరికైనా దుబాసీగా కూర్చుంటే ఇప్పుడు ఒక్క ముక్క వదలను. మేనత్త కూతురి పెళ్ళితో సహా చెబుతాను. డాక్టర్లు వాచీ చూసుకుంటే చూసుకోనీ. పేషెంటు ఆగినప్పుడు, హెలెన్ గారి మాట ఆవిడ అన్నట్టే, “ఇంకా?” అంటాను. కొందరు నిజంగానే ఇంకేదో చెబుతారు.

కోటయ్య నిలబడిన ఏడాదే నేను సుగుణమ్మను వెతుక్కుంటూ మైలవరం వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళు అద్దెకుంటున్నారు. ఆవిడ తమ్ముడి ఊరికి వెళ్ళిందని ఒకరన్నారు, ఆ ఊరి పేరు చెప్పలేకపోయారు. పోయిందని ఇంకొకరన్నారు. మెట్ల కింద చక్రాల కుర్చీ ఉంది, దాని మీద పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. మేం దిగినప్పుడు ఇక్కడే ఉందండీ, ఎవరిదో తెలియదు అన్నారు.

వచ్చేటప్పుడు బస్సులో కళ్ళు మూసుకుని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఇప్పటికీ ప్రయత్నిస్తాను, ముఖ్యంగా సొన వాసన తగిలినప్పుడు. సుగుణమ్మ కనిపిస్తుంది. చెయ్యెత్తి పైకి చూపించడం కనిపిస్తుంది. కళ్ళు తుడుచుకోవడం కనిపిస్తుంది. పెదవులు కదులుతూనే ఉంటాయి, చాలాసేపు. మాట ఒక్కటి వినిపించదు. వినకుండానే నేను “నో” అన్నానన్నమాట. ఆవిడ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడానికి పెన్ను పట్టుకుని ఒక మనిషి పక్కనే సిద్ధంగా ఉండగా అన్నాను.

ఆ రోజు సుగుణమ్మ నాతో ఏమంది?