మూడో కిటికీ సీటు

రాజుపాలెం సెంటర్లో బస్సు సీటు పట్టడంలో నాగభూషణరావును మించినవాడు లేడు. నరసరావుపేటలో చీరల కొట్టు ఆయనది. పొద్దున్నే డైరెక్టు బస్సు ఇంకా ఆగకముందే మూడో కిటికీలోంచి చేతిసంచీ విసిరితే, అది సరిగ్గా సీటు నడిమధ్య పడేది. కర్చీఫ్ వేస్తే జనం తీసి పక్కన పెడుతున్నారనీ, సంచీకైతే కాస్త మర్యాద ఇస్తారనీ ఆయన సిద్ధాంతం. అందులో కొట్టు తాళాలూ, అన్నం క్యారియరూ ఉండేవి. పప్పూ పెరుగూ బస్సులోనే కలిసిపోతున్నాయని భార్య మంగతాయారు గోల పెట్టినా వినేవాడు కాదు. సంచీ పడ్డాక ఇక తొందరేముంది? తీరిగ్గా టీ తాగి, అందరూ ఎక్కాక పెళ్ళికొడుకులా ఎక్కేవాడు.

ఆ బస్సు తీసేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇక మిగిలింది ఊరూరా ఆగే బస్సు. అది చెయ్యెత్తినవాడి దగ్గరా ఆగేది, ఎత్తనివాడి దగ్గరా ఆగేది. ఆయన వెళ్ళి కొట్టు తీసేసరికి ఎండెక్కేది. ఈలోగా ఎదురుగా బావమరిది గోపీనాథ్ కొట్లో బోణీ అయిపోయేది. పైగా గుమ్మంలో నిలబడి, "పాపం, బస్సు లేటా బావా?" అని పలకరింపు. పోటీ అయితే భరించొచ్చుగానీ బావమరిది జాలి భరించడం ఆయన వల్ల కాలేదు.

సరిగ్గా అప్పుడు కృపామణి ఫోన్ చేసింది. ఆవిడ రాజుపాలెం పక్క ఊళ్ళోనే టీచరు. క్రిస్మస్‌కి చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు కావాలట.

"రేపు పొద్దున్నే వస్తాం శెట్టిగారూ. మీ కొట్టు తీసుంటే మీ దగ్గర, లేకపోతే ఎదురు కొట్లో తీసుకుంటాం."

ఆ రాత్రి నాగభూషణరావు కలనిండా గోపీనాథ్ చీరలు మడతపెడుతూ కనిపించాడు.

తెల్లారి సెంటర్‌కి వస్తే, ఎదురుగా పాత బస్సు! అదే సొట్ట, అదే డ్రైవరు దానియేలు. ఆయన గుండె పొంగిపోయింది. బోర్డు చూడాలన్న ఆలోచనే రాలేదు. సంచీ విసిరాడు. మూడో కిటికీ, సీటు నడిమధ్య. చెయ్యి ఏమీ మర్చిపోలేదు. టీకొట్టు ప్రభుదాసు దగ్గర గ్లాసు అందుకుని, "చూశావా, మన బస్సు మళ్ళీ వేశారు" అన్నాడు.

"మన బస్సేందన్నా? దాన్ని మాచర్ల రూటుకేశారుగా!"

బస్సు కదిలింది. నాగభూషణరావు గ్లాసు చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. టీ అంతా చొక్కా మీద పడిందిగానీ బస్సు అందలేదు. ఆటో ఎక్కి వెంటపడితే కొండమోడు దగ్గర దొరికింది.

లోపల కాలు పెట్టే సందు లేదు. అంత జనంలోనూ సంచీ ఒక్కటే హాయిగా సీట్లో కూర్చుని ఉంది. పక్కనే కమ్మీ పట్టుకుని ఓ ముసలమ్మ వేలాడుతోంది.

"నీదేనా నాయనా? ఎవుర్నీ కూర్చోనీలేదులే. దా, కూర్చో."

ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "నువ్వు కూర్చో అమ్మా, నేను పేట పోవాల" అని సంచీ తీసుకున్నాడు.

"మాచర్ల బస్సులో సీటెందుకు పట్టినట్టు మరి?" అంది ముసలమ్మ. బస్సంతా నవ్వింది.

అదే ఆటోలో వెనక్కొచ్చి ఊరూరా ఆగే బస్సు పట్టుకున్నాడు. వెనక తలుపు దగ్గర సంచీని కావలించుకుని నిలబడ్డాడు. ఇక కృపామణి ఎదురు కొట్టు మెట్లెక్కినట్టేనని దిగులుపడుతుంటే జేబులో ఫోన్ మోగింది.

"శెట్టిగారూ, కొట్టు తీశారా?"

"ఎప్పుడో తీశానమ్మా. చీరలు పరుచుకుని కూర్చున్నా. మీరెక్కడ?"

"మేమూ పేటలో దిగేశాం. ఇదిగో, మీ వీధి మొదట్లోనే ఉన్నాం."

అప్పుడే కండక్టరు, "జరగండి, లోపలికి జరగండి!" అని అరిచాడు. ఆ అరుపు ఒక చెవికి నేరుగా, రెండో చెవికి ఫోన్లో వినబడింది. నాగభూషణరావు మెల్లగా తలెత్తాడు. ముందు సీట్లో కృపామణి, చెవి దగ్గర ఫోనుతో, మెల్లగా వెనక్కి తిరిగింది. ఆవిడ వెంట పాటల బృందం మొత్తం తిరిగింది.

ఆవిడ పక్క సీటు మీది బ్యాగు తీసింది. "మా నిస్సీ కోసం పట్టాం. అది ఎక్కలా. రండి." ఆయన వచ్చి కూర్చున్నాక, నవ్వు ఆపుకుంటూ అంది: "చీరలు పరిచానన్నారుగా, చూపించండి మరి."

ఏం చేస్తాడు, ఫోన్లో ఉన్న చీరల ఫోటోలు బయటపెట్టాడు. ఒకరికి నచ్చిన రంగు ఇంకొకరికి నచ్చలేదు. బస్సు ఆగిన ప్రతి ఊళ్ళో ఓ రంగు ఓడిపోయింది. పేట పొలిమేరకు వచ్చేసరికి నెమలిపింఛం రంగు ఖాయమైంది. కృపామణి అడ్వాన్సు చేతిలో పెడితే ఆయన కళ్ళకద్దుకున్నాడు.

గోపీనాథ్ గుమ్మంలోనే ఉన్నాడు. "పాపం, బస్సు లేటా బావా?"

"లేటే బామ్మర్దీ," అన్నాడు నాగభూషణరావు, వెనకాల వస్తున్న ఆడవాళ్ళకు దారిచ్చి తాళం తీస్తూ. "ఇంకాస్త లేటయితే మ్యాచింగ్ జాకెట్లు కూడా అమ్మేవాణ్ణి."