పిడుగుకి నెలసరి ఆగిన ఏడాది

మా స్పోర్ట్స్ హాస్టల్లో అందరూ దాన్ని పిడుగు అనేవాళ్ళు. మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే కోచ్, ఒకే పదిహేను వందల మీటర్ల పరుగు. ఎప్పుడూ అదే ముందు, నేను దాని వెనక. దాని వీపు మీద పుట్టుమచ్చలెన్నో అడగండి, ఠక్కున చెప్తాను. కడుపు మండిపోయేది.

అంతకంటే మంట ఇంకోటుంది. వార్డెనమ్మ నెలనెలా ఇచ్చే ప్యాడ్ల ప్యాకెట్‌ని అది నా మంచం మీద పడేసేది.

"నాకెందుకే? రాక తొమ్మిది నెలలైంది. నువ్వే వాడుకో."

నేనేమో నెలకి రెండు రోజులు నొప్పితో మెలికలు తిరుగుతూ ట్రాక్ ఎక్కలేకపోయేదాన్ని. ఆ మహారాణికి ఆ బాధా లేదు! నెలసరి ఆగిందంటే ఒళ్ళు పదునెక్కినట్టేనని మా సీనియర్ అక్కలు చెప్పేవాళ్ళు. మేం నమ్మేశాం. ఎవరికైనా ఆగిందని తెలిస్తే మిగతావాళ్ళం కుళ్ళిపోయేవాళ్ళం.

నాకూ ఆగాలనుకున్నాను. కంచంలో సగం వదిలేసి, రోజూ ఆరు రౌండ్లు ఎక్కువ పరిగెత్తాను. మూడో నెలకి ఆగింది. ఎగిరి గంతేశాను. జుట్టు కుచ్చులుగా ఊడుతుంటే పట్టించుకుంటేనా!

ఆ రోజుల్లోనే పిడుగు మెట్లెక్కుతూ కాలు పట్టుకుని ఆగిపోవడం చూశాను. "ఏం లేదే, పట్టేసింది" అంది. ఏదో ఉందని నాకు తెలుసు. కోచ్ సార్‌కి చెప్పలేదు. మనసులో సంతోషించాను కూడా.

రెండు నెలలకి, టీమ్ సెలక్షన్‌కి ఇంకా పది రోజులుందనగా, అది ట్రాక్ మీద కూలబడింది. ఆస్పత్రికి నేనే తోడు వెళ్ళాను. మోకాలి కింద ఎముక చిట్లిందన్నారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఉన్న ఒక్క చోటూ ఇక నాదేననుకున్నాను.

"నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏడాది దాటింది."

"పరుగుకి సరిపడా తినకపోతే ఒళ్ళు ముందు దాన్ని ఆపేస్తుందమ్మా. తర్వాత ఎముకలు గుల్లవుతాయి." నా వైపు తిరిగింది. "నీకు సరిగ్గా వస్తోందా?"

"పోయిన వారమే వచ్చిందండీ" అన్నాను. నిజం చెప్తే సెలక్షన్ గోవిందా.

పిడుగు మంచం మీంచి లేవబోయింది. "అబద్ధం డాక్టరమ్మా! దీనికీ మూడు నెలలుగా లేదు. దీన్ని పరిగెత్తనివ్వకండి."

"ఒసేయ్ కుళ్ళుబోతుదానా! నువ్వు పడితే నన్నూ పడేస్తావా?" అని అక్కడే అరిచాను.

"నీ కాలన్నా మిగలనీవే" అంది ఏడుస్తూ.

నన్నూ ఆపేశారు. ఆ సెలక్షన్‌కి మా వెనక పరిగెత్తే మూడో పిల్ల వెళ్ళింది. నేను కడుపునిండా తిని, ఎనిమిది నెలలు ఓపిక పడితే నెలసరి తిరిగొచ్చింది. ఆ మరుసటి ఏడాది టీమ్‌లోకి వెళ్ళాను. పిడుగుకి ఎముక అతుక్కుంది గానీ మునుపటి వేగం రాలేదు. ఇప్పుడది ఒక స్కూల్లో ఆటల టీచరు.

దాని మీద నాకు ఇప్పటికీ కుళ్ళే. ప్రమాదమని తెలిసిన నిమిషంలోనే అది నన్ను ఆపింది. దాని కాలు సంగతి రెండు నెలల ముందే నాకు తెలుసని దానికి ఇంతవరకూ చెప్పలేదు.