మా మనిషి నెత్తి మీద పడవ

మొన్న సోమశిలలో కృష్ణ మీద పడవ ఎక్కినప్పుడు, పక్కన కూర్చున్న మా మనవరాలు ఫోన్‌లో చోళుల ఓడల వీడియో ఏదో పెట్టుకుని, ఆ కాలంలోనే సముద్రాలు దాటి లంకను, కడారాన్ని గెలిచారట నానమ్మా అని మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తంజావూరు గుడి గొప్పదే, ఓడలూ గొప్పవే, కాదనను. కానీ అదే దండు తుంగభద్ర దాటి మన వైపు కూడా వచ్చిందని, ఊళ్లు తగలబెట్టి పశువులను తోలుకుపోయిందని ఆ వీడియోలో ఒక్క ముక్క ఉంటే ఒట్టు.

కృష్ణలో మునిగిపోయిన మా పాత ఊరి పొలిమేరలో ఒక నిలువు రాయి ఉండేది. దాని మీద కత్తి పట్టుకున్న మనిషి, అతని కాళ్ల దగ్గర రెండు ఆవులు. చోళుల దండు మందను తోలుకుపోతుంటే అడ్డం నిలబడి చచ్చిపోయిన మా వంశం వాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవాళ్లు. అందుకే పెబ్బేరు సంతలో ఎద్దును కొంటే నాన్న దాన్ని కొట్టంలో కట్టేయకుండా ముందు ఆ రాయి దగ్గరికే నడిపించుకొచ్చేవాడు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, ముంతెడు అంబలి రాయి మీద పోసి, దక్షిణం వైపు తిరిగి తుపుక్కున ఉమ్మేది. అవ్వ కంటే దూరం ఎవరు ఉమ్ముతారా అని మేం పిల్లలం పోటీ పడేవాళ్లం. పల్లెల్లో పెరిగిన మీకు ఇలాంటి వెర్రి పోటీలు గుర్తుండే ఉంటాయి.

ప్రాజెక్టు నీళ్లు వస్తాయని తెలిశాక, గుళ్లను విప్పి మెట్ట మీదికి మార్చడానికి వచ్చినవాళ్లు గుడి రాళ్లకు రంగుతో నంబర్లు వేశారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన మా రాయి ముందు ఆగి, ఇది ఏ దేవుడని అవ్వను అడిగాడు.

"దేవుడు గాదు సారూ, మా మనిషి. దేవుడైతే గా చోళోని కత్తికెందుకు సస్తడు?"

దేవుళ్లనే మారుస్తామని చెప్పి ఆయన సాగిపోయాడు. జర దేవుడని అంటే నీదేం పోతుండె అని చిన్నాన్న అవ్వ మీద ఎగిరిపడ్డాడు. గుళ్లో కూర్చుని నైవేద్యం తినేవాడు వేరు, మంద కోసం ప్రాణం ఇచ్చినవాడు వేరు, వాణ్ని దేవుడంటే వాడి చావుకు విలువేముంటుందని ఆమె మొండికేసింది. చివరికి నాన్నా చిన్నాన్నా కాడెడ్లను కట్టి లాగించినా రాయి కదల్లేదు, నీళ్లు చేలోకి వచ్చేసరికి తాళ్లు అక్కడే వదిలేసి వచ్చారు. కొత్త ఊళ్లో బతికినన్నాళ్లూ, ఇంటికి ఎద్దు వచ్చినప్పుడల్లా అవ్వ అంబలి ముంత పట్టుకుని, ఎక్కడ పోయాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయేది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది, చోళుల మీదా, ఆ నంబర్ల వాళ్ల మీదా.

ఇప్పుడు మా ఇంట్లో ఎద్దులూ లేవు, అంబలీ లేదు, ట్రాక్టరుకు నిమ్మకాయలు కడుతున్నారు. మొన్న ఎదుటి గుట్టను బట్టి పడవ మా పాత పొలిమేర మీదికి వచ్చిందని పోల్చుకున్నాను. చేతిలో ఉన్నది కొన్న నీళ్ల సీసా, అంబలికి బదులు అదే ఏట్లోకి వంచాను. దక్షిణం వైపు తిరిగి అవ్వలాగే ఉమ్మాను. ఛీ, ఏంది నానమ్మా గట్ల, అందరూ చూస్తున్నరు అని మనవరాలు నా చెయ్యి గుంజి, మళ్లీ వీడియోలో పడిపోయింది. ఆ ఫోన్‌లో చోళుల ఓడలు సాగిపోతూనే ఉన్నాయి, మా పడవ కూడా మా మనిషి నెత్తి మీదుగా సాగిపోయింది.